గురువారం కుర్చీలు

ఆకాశంలో కూర్చుని ఉద్యోగం చేసే మా అత్త కూతురికి, నేల మీద నుంచి నీ బావ ఆశీస్సులతోను, ఆశీస్సులను మించిన జంకుతోను వ్రాయునది. ఇక్కడ నేను, అత్తయ్య, కొట్టులోని కుట్టుమిషన్లు అందరమూ క్షేమం. అక్కడ నీవును, నీ క్రేనును క్షేమమని తలుస్తాను. గాలి ఎక్కువైన రోజున ఓడరేవులో క్రేన్లు ఆపేస్తారని రాశావు కదా. ఆనాటి నుంచి ఇక్కడ కిటికీ తెర కదిలితే చాలు, అత్తయ్య "ఇవాళ దానికి సెలవు" అని సంబరపడుతోంది. ఆ గాలికీ ఈ గాలికీ సంబంధం లేదని నేను చెప్పలేదు. తల్లి సంబరానికి భూగోళశాస్త్రం అడ్డు రాకూడదు.

ఈ ఉత్తరం నీ చేతికి లావుగా తగిలి ఉంటుంది. విషయం ఎక్కువై కొంత, అక్షరం పెద్దదై కొంత. నీవు పెట్టిన షరతు గుర్తుంది: "జాబితా వెయ్యకు బావా, మాట్లాడినట్టు రాయి. నీ జాబితాల్లో అన్నీ ఉంటాయి, నువ్వొక్కడివే ఉండవు." ఒప్పుకుంటున్నాను. అయినా అలవాటు చొప్పున కాగితం అంచున ఒకటి, రెండు అని అంకెలు వేసుకుని, తప్పు గ్రహించి కొట్టివేశాను. ఆ మరకలను పట్టించుకోకు.

అక్షరాల సంగతి ముందుగా. "నీ రాత చీమలబారైపోయింది, పోనుపోను ఆ చీమలు కూడా చిక్కిపోతున్నాయి, భూతద్దం కొనుక్కోమంటావా?" అని అడిగావు. డాక్టరు నా కుడిచేతి వ్యవహారానికి పార్కిన్సన్స్ అని పేరు పెట్టిననాడు, వణకడం ఒక్కటే దాని పని అనుకున్నాను. అది బహుకళాకోవిదురాలు. అడుగును చిన్నది చేస్తుంది, గొంతును చిన్నది చేస్తుంది, అక్షరాన్నీ చిన్నది చేస్తుంది. విచిత్రమేమిటంటే రాసేవాడికి తాను ఎప్పటిలాగే రాస్తున్నట్టు ఉంటుంది. ఇప్పుడు చిన్నపిల్లలు వాడే వెడల్పు గీతల కాగితం తెచ్చుకున్నాను. ప్రతి అక్షరమూ పై గీతకు తల తగిలించి తీరాలని నియమం. బడి మధ్యలో మానేసిన నేను మళ్ళీ ఆ గీతల ముందు కూర్చోవడం చూసి అత్తయ్య, "ఈసారైనా చివరిదాకా చదువుకో రా అల్లుడూ" అని దీవించింది.

"మా అమ్మ నిన్ను సతాయిస్తోందా, నువ్వే మా అమ్మని సతాయిస్తున్నావా?" అన్నది నీ రెండవ ప్రశ్న. వంతులు వేసుకున్నాము. వంటింటి గుమ్మం దగ్గర ఒక్కొక్కసారి నా కాళ్ళు నేలకు అంటుకుపోతాయి. వెళ్ళాలని బుద్ధి ఉంటుంది, కాలికి ఆ ఆజ్ఞ అందదు. ఆ పెనుగులాటలో ఒకసారి బోర్లా పడ్డాను కూడా. మోకాలు గీరుకుంది, అంతకు మించి ఏమీ కాలేదు. అప్పట్లో నీకు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ప్రస్తుతం ఆ గుమ్మం ముందు నేల మీద అడ్డంగా ఎర్ర టేపు అంటించాను. ఎదుట గీత కనిపిస్తే దాన్ని దాటడానికి కాలు దానంతట అదే లేస్తుంది. గీతతోనూ పని జరగని పూట అత్తయ్య పొయ్యి దగ్గర నుంచే గరిటెతో తలుపు మీద కొట్టి, "రైట్... రైట్!" అని కేక వేస్తుంది. నిజంగానే కాలు కదులుతుంది. ఆ చిట్కా ఒక రిటైరైన బస్సు డ్రైవరుగారిది. ఆయన సంగతి ముందు ముందు వస్తుంది. "వంటింట్లోకి రావడానికి కండక్టరు కావలసిన అల్లుడు లోకంలో నాకొక్కదానికే దొరికాడు" అని అత్తయ్య ఇరుగుపొరుగు వారితో గొప్పగానే చెప్పుకుంటోంది.

ఇక అసలు ప్రశ్న. నీ వాక్యాలను అద్దం పక్కన అంటించుకున్నాను గనుక తప్పు లేకుండా ఎత్తి రాయగలను: "బావా, వీళ్ళు ఉద్యోగం ఇక్కడే ఖాయం చేస్తామంటున్నారు. నెలాఖరులోగా సంతకం పెట్టాలి, లేదంటే వదులుకుని వచ్చెయ్యాలి. వచ్చెయ్యడానికే మనసు మొగ్గుతోంది. కానీ నువ్వు 'అంతా బాగుంది' అని రాస్తే నమ్మను. పైన క్యాబిన్‌లో కూర్చున్నవాళ్ళకి కింద ఏముందో సరిగ్గా కనబడదు. కింద నిలబడ్డ మనిషి చేతి సైగే ఆధారం. చెయ్యి వణికినా ఫరవాలేదు, సైగ అర్థమైతే చాలు. అబద్ధపు సైగ చేశావో, బరువు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది."

గోదాములో ఏళ్ల తరబడి రాకపోకల చీటీలు రాసి, నలభై దాటాక క్రేన్ పరీక్షకు కూర్చుంటానని నీవన్నప్పుడు నవ్వినవాళ్ళు నాకు గుర్తున్నారు. నీ నియామకపు ఉత్తరం, నా డాక్టరు చీటీ రెండూ ఒకే నెలలో వచ్చాయి. నిన్ను బలవంతంగా రైలెక్కించినది నేనే. కాబట్టి నీ సంతకానికి ముందు నా సైగలో ఉన్న అబద్ధాన్ని సరిదిద్దడం నా బాధ్యత. ఒకటి కాదు, రెండు ఉన్నాయి.

రైలు కదిలేటప్పుడు నీకు మాట ఇచ్చాను, డాక్టరు చెప్పిన గురువారం బృందంలో చేరతానని. గ్రంథాలయం మేడ మీది గదిలో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు వారానికొకసారి కలుస్తారు. "చేరాను" అని నీకు రాశాను. వెళ్ళిన మాట నిజం. ఎలా వెళ్ళానో రాయలేదు.

ఆనాడు ఒక ఇంట్లో మిషను బాగుచేసి, పనిముట్ల పెట్టె చేత్తోనే మెట్లెక్కాను. పెట్టెను కుడిచేత్తో పట్టుకోవడం నేను కనిపెట్టిన యుక్తి. బరువు ఉన్న చేతిని ఎవరూ అనుమానించరని నా నమ్మకం. తలుపు తీసేసరికి లోపల పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుని, పైకప్పు ఎగిరిపోయేలా "ఆ..." అని అరుస్తున్నారు. గొంతు సన్నబడకుండా చేసే సాధన అది. నాకా సంగతి తెలియదు. అడుగు వెనక్కి వేయబోయాను. ఈలోగా తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు చేయెత్తి అందరినీ ఆపారు. ఒకప్పుడు పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్. ఇప్పుడు గొంతు గుసగుస స్థాయికి దిగిపోయినా, చూపు మాత్రం ఉద్యోగం మానలేదు.

"ఎవరి కోసం వచ్చారు?" అన్నారు.

నా నోరు నన్ను సంప్రదించలేదు. "కుర్చీల రిపేరుకండీ" అంది.

ఎవరూ పిలవలేదు. అందరికీ తెలుసు, ఎవరూ పిలవలేదని. హెడ్మిస్ట్రెస్‌గారు నా ముఖం చూశారు, పెట్టె చూశారు. "సమయానికి వచ్చారు. ఆ మూల కుర్చీ కిర్రుమంటోంది. ఇక్కడే కూర్చుని చేసుకోండి, మా గోల మీకు అడ్డం కాకపోతే" అన్నారు.

అలా కుట్టుమిషన్ల మనిషిని కుర్చీల మనిషినయ్యాను. వాళ్ళు వ్యాయామం చేస్తుంటే నేను మూల కూర్చుని స్క్రూలు బిగించేవాణ్ణి. చెవులు మాత్రం అక్కడే. మాత్ర వేసుకున్న తర్వాత ఏ వేళలో చేయి మాట వింటుందో, మంచం మీద నుంచి ఎలా దొర్లి లేవాలో, చొక్కా గుండీలకు ఏ కొక్కెం వాడాలో అన్నీ విని ఇంటికి వచ్చి జాబితా వేసుకునేవాణ్ణి. నీకు రాసిన ఉత్తరాల్లోని కబుర్లు అవే. అదంతా దొంగచాటుగా విన్న చదువే తప్ప నా సొంతం కాదు.

ఒక్క సంగతి నా ప్రాణం తీసింది. ఈ వారం బిగించిన కుర్చీ పై వారానికి వదులయ్యేది. ఒకటి సరిచేస్తే మరి రెండు ఊగేవి. నా పనితనం నీకు తెలుసు. నేను బిగించిన మిషను పదేళ్ళ తర్వాత ఎవరైనా విప్పబోతే నన్ను తిట్టుకుంటూ విప్పాలి. చెక్క ఆరిపోయిందేమో అనుకుని వాషర్లు వేశాను. స్క్రూలు అరిగాయేమో అనుకుని కొత్తవి వేశాను. ఇందాక చెప్పిన బస్సు డ్రైవరుగారూ ఆ బృందంలోని వారే, ఆయన బరువును కూడా మనసులో అనుమానించాను. ఆయన పొట్ట పట్టుకుని "మళ్ళీ ఊగుతోందేవిటండీ మేస్త్రీ! మా బస్సు కూడా ఇంత ఊగేది కాదు" అని అమాయకంగా అడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టివేస్తూ రాగా చివరికి ఒకటే మిగిలింది. నా చేయి.

బిగించాను అని చేయి చెబుతోంది, నిజానికి బిగించడం లేదు. అక్షరం విషయంలో మోసం చేసిన చేయే స్క్రూ విషయంలోనూ మోసం చేస్తోంది. అలా తేల్చుకున్నాను.

రెండవ అబద్ధం ఇక్కడ ఉంది. నేను కొట్టు మూసేశాను. మిషన్లన్నిటికీ దుప్పట్లు కప్పి, వచ్చినవాళ్ళను వేరే కొట్టుకు పంపించాను. సరిగ్గా ఆ రోజుల్లోనే నీకు "పని ముమ్మరంగా ఉంది" అని రాశాను. అత్తయ్య చేత నోరు మెదపనని ఒట్టు వేయించుకున్నాను. ఆమె ఒట్టు వేసింది గానీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజున టీ గ్లాసు ముందు పెట్టి, "నా మేనల్లుడు మొండివాడని తెలిసే పిల్లనిచ్చాను. పిరికివాడని నాకెవ్వరూ చెప్పలేదు" అని వెళ్ళిపోయింది.

ఆ గురువారం, చేయడానికి పని లేదు గనుక, గ్రంథాలయానికి చాలా ముందుగా వెళ్ళాను. కుర్చీల బాధ్యత ఇక నా వల్ల కాదని చెప్పి సెలవు తీసుకుందామని ఉద్దేశం. మెట్లెక్కి తలుపు దగ్గరకు వచ్చేసరికి లోపల నుంచి మాటలు వినిపించాయి.

"అటు కాదండీ డ్రైవరుగారూ, ఇటు! స్టీరింగనుకున్నారా?"

"టీచరమ్మగారూ, ఘాట్ రోడ్డులో బస్సు తిప్పిన చేతులండీ ఇవి. ఈ స్క్రూ నన్నే తిప్పేస్తోంది."

"వచ్చేస్తారు ఆయన. కానివ్వండి."

"ఎక్కడ కానివ్వను? ఏం పట్టు పట్టాడండీ మహానుభావుడు! పోయిన వారం దానికే నా చొక్కా తడిసిపోయింది. చెయ్యా, పట్టకారా అది?"

తలుపు సందులోంచి చూశాను. హెడ్మిస్ట్రెస్‌గారు నేల మీద చతికిలబడి తలకిందులైన కుర్చీని ఒడిలో పెట్టుకున్నారు. డ్రైవరుగారు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా స్క్రూడ్రైవరు పట్టుకుని, దాని మొన గాడిలో కుదరక మూడుసార్లు జారిపోతే నాలుగోసారి గురి చూస్తున్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి, ఆవిడ ఒడి వణుకుతోంది, మధ్యన కుర్చీ నాలుగు కాళ్ళతో గాలిలో నాట్యమాడుతోంది. నేను బిగించిన స్క్రూ మాత్రం కదలడం లేదు.

నా కుర్చీలు వదులు కావడం లేదు. వదులు చేయబడుతున్నాయి. అదీ ఇద్దరు మనుషులు చెమటోడ్చితే గాని కావడం లేదు.

నా చేతిలోని పెట్టె గణగణలాడింది. ఇద్దరూ తలెత్తారు.

డ్రైవరుగారు స్క్రూడ్రైవరును వీపు వెనక్కు దాచుకున్నారు, అంత మనిషీ. హెడ్మిస్ట్రెస్‌గారు దాచుకోలేదు. "లోపలికి రండి. ముందు నన్ను లేపండి, తర్వాత కోప్పడుదురుగాని" అన్నారు.

లేపాను. లేపడానికి మేమిద్దరం పడిన అవస్థ వేరే ఉత్తరానికి సరిపోతుంది. కూర్చున్నాక అడిగాను, ఎందుకు ఇలా చేశారని.

"కుర్చీలన్నీ బాగైపోతే మీరు రావడం మానేస్తారు కదా" అన్నారావిడ, అదేదో రెండవ తరగతి లెక్క అయినట్టు.

"నాకూ ఉందని మీకెలా తెలుసు?"

డ్రైవరుగారు పకపక నవ్వారు. "మొదటి రోజే తెలుసండీ! మీరు గుమ్మంలో నిలబడి 'రిపేరుకండీ' అంటుంటే మీ పెట్టెలో రెంచీలన్నీ భజన చేస్తున్నాయి. మీ కన్నా ముందు మీ పెట్టె చెప్పేసింది!"

నా యుక్తికి పట్టిన గతి అది. వణుకు కనిపించకుండా పట్టుకున్న పెట్టె, వారం వారం గదంతా వినిపించేలా దాన్ని చాటుతోంది. ఆ చప్పుడు నాకు అలవాటైపోయి చెవికెక్కలేదు.

"మరి చెప్పవచ్చు కదా!" అన్నాను.

"మీరే చెప్పాలి నాయనా. మేము చెబితే మీరు మెట్లు దిగిపోయేవారు" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. "అయినా మాకూ లాభమే. వేళ్ళకి ఇంత మంచి వ్యాయామం ఆ పిల్ల ఇంతవరకూ చెప్పలేదు."

ఆ పిల్ల అంటే వ్యాయామం నేర్పే అమ్మాయి. అప్పుడే వచ్చింది. అందరూ చేరాక నన్ను మూల నుంచి తెచ్చి వలయంలో కూర్చోబెట్టారు, నేను బిగించిన కుర్చీలోనే. చెప్పమన్నారు. నా గొంతులోంచి వచ్చింది నాకే వినిపించలేదు.

"వినపడలేదండీ, గట్టిగా" అంది ఆ అమ్మాయి.

"నాకు పార్కిన్సన్స్" అన్నాను.

"ఇంకా గట్టిగా!" అన్నారు అందరూ.

మరదలా, జన్మలో అలా అరవలేదు. "నాకు పార్కిన్సన్స్!" అని నేను పెట్టిన కేకకు కింద గ్రంథాలయంలో ఎవరో కర్రతో పైకప్పును పొడిచి, "సరేనండీ, తెలిసింది, మేము చదువుకోవాలి!" అన్నారు. గది గదంతా నవ్వింది. హెడ్మిస్ట్రెస్‌గారైతే కళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకోవడం కూడా జరిగింది, అది నవ్వుకో ఏడుపుకో విడదీసి చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే దుప్పట్లు తీసేశాను. అత్తయ్య ఏమీ అనకుండా వాటిని ఉతికి ఆరేసింది. ఇప్పుడు కొట్టు తెరిచే ఉంది, పద్ధతి మాత్రం మారింది. చిన్న భాగాలను చేత్తో పట్టుకోకుండా బల్లకు బిగించిన పట్టులో పెడతాను. విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా అయస్కాంతపు పళ్ళెం తెచ్చుకున్నాను. సున్నితమైన పనంతా మాత్ర పనిచేసే వేళలోనే. మిగిలిన వేళలో నూనె వేయడం, తుడవడం, వచ్చినవాళ్ళతో కబుర్లు. మునుపటి కన్నా తక్కువ మిషన్లు బాగుచేస్తున్నాను, బాగుచేసినది మునుపటిలాగే తిరుగుతోంది. గురువారాలు అత్తయ్య కూడా వస్తోంది. ఆమెకు జబ్బేమీ లేదు. అరవడానికి అనుమతి ఉన్న చోటు ఊళ్ళో అదొక్కటే అని వస్తోంది. డ్రైవరుగారు ఆమెను "కండక్టరమ్మా" అని పిలుస్తారు, ఆమె ఆయనను "నిదానం, నిదానం, ఇది మీ బస్సు కాదు" అని అదిలిస్తుంది. పాటకు అడుగులు వేసే వ్యాయామం కొత్తగా మొదలైంది. నడవలేక ఆగిపోయే కాళ్ళు తాళానికి నాట్యం చేయడం చూస్తే నీవు నమ్మవు. నేను చూసి కూడా నమ్మలేదు, చేసి నమ్మాను.

బాగాలేనివీ రాయాలి, లేకపోతే ఇది మళ్ళీ అబద్ధపు సైగ అవుతుంది. ఉదయాలు కష్టం. మెడ దగ్గరి గుండీ నాకు లొంగదు, అత్తయ్య పెడుతుంది. ఒక్కొక్కరోజు ముఖంలో నవ్వు పలకదు, లోపల నవ్వుతూనే ఉన్నా. ఇది తగ్గే జబ్బు కాదని నీకు తెలుసు, నాకూ తెలుసు. నీవు లేని ఇల్లు వెలితిగానే ఉంది. అది జబ్బు వల్ల కాదు, పెళ్ళి వల్ల.

నీవు మొదట్లో సైగలన్నీ వివరంగా రాశావు. చేయి చాచి అరచేయి నేలకేసి చూపిస్తే ఆగమని. వేలు కిందికి చూపిస్తూ తిప్పితే దించమని. చూపుడువేలు ఆకాశానికెత్తి గుండ్రంగా తిప్పితే పైకెత్తమని. ఏదో ఒకనాడు నేను దించమనే సైగ చేయవలసి వస్తుందేమో. ఆనాడు పెట్టెలు పట్టుకోకుండా, కుర్చీల వెనక దాక్కోకుండా చేస్తాను. అప్పుడు నీవు వచ్చెయ్యి. ఆ మాట ఈ ఉత్తరంలో పెద్ద అక్షరాలతో ఇస్తున్నాను.

కానీ ఈ నెలాఖరుకు నా సైగ అది కాదు. వదులుకుని వచ్చేస్తానని కాగితం ఏదైనా రాసుకుని ఉంటే చింపెయ్యి, ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టు. సెలవులు ఎప్పుడో రాస్తే నేను, అత్తయ్య వచ్చి నీ క్రేన్ కింద నిలబడి చూస్తాము. టోపీలు పెట్టుకోవాలంటే ముందే చెప్పు. అత్తయ్య కొప్పుకు సరిపడేది వెతకాలి.

ఇదిగో, ఉత్తరం ముగించి కలం కింద పెట్టాను. కిటికీ దగ్గర నిలబడి నీవున్న వైపుకు చూపుడువేలు పైకెత్తాను. గుండ్రంగా తిప్పే శ్రమ నాకు లేకుండా పోయింది. అది దానంతట అదే తిరిగింది.

కలం మళ్ళీ అందుకుని చేవ్రాలు చేస్తున్నాను.

ఇట్లు,
కింద నిలబడి, దాచకుండా సైగ చేస్తున్న
నీ బావ